బోర్డు మీద ‘డాక్టర్’ అని ఎవరు రాసుకోవచ్చు?

2025 సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ నుంచి ఒక ఉత్తరం వెలువడింది. ఫిజియోథెరపిస్టులు తమ పేరుకు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోకూడదని, పెట్టుకుంటే 1916 నాటి వైద్య డిగ్రీల చట్టాన్ని ఉల్లంఘించినట్టేనని అందులో ఉంది. మర్నాడు అదే కార్యాలయం ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంది. విషయాన్ని ఇంకా పరిశీలించాలంది. గొడవ కేరళ హైకోర్టు దాకా వెళ్లింది. దేశమంతటా ఫిజియోథెరపీ సెంటర్లు నడుపుకునేవాళ్లకు ఉన్న బోర్డు ఉంచాలా, తీసేయాలా అన్న టెన్షన్ పట్టుకుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ప్రశ్న ఫిజియోథెరపిస్టులతో ఆగేది కాదు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ నుంచి గానీ, విజయనగరంలో గంటస్తంభం నుంచి గానీ బోర్డులు చదువుకుంటూ నడిస్తే ‘డా.’ అన్న అక్షరం ఎన్ని రకాల చదువుల ముందు కనిపిస్తుందో తెలుస్తుంది. ఎంబీబీఎస్, ఎముకల సర్జన్, పళ్ల డాక్టరు, ఆయుర్వేదం, హోమియో, ఫిజియోథెరపీ, ఇంకాస్త ముందుకెళ్తే పశువుల డాక్టరు. ఊళ్లలోకి వెళ్తే బోర్డే ఉండదు. అరుగు మీద బల్ల, గోడకు సెలైన్ సీసా తగిలించే మేకు, లోపల ఉన్నాయనను అందరూ పిలిచే పేరు ‘డాక్టరు బాబు’. వీళ్లలో ఎవరికి ఆ పేరు చట్టప్రకారం ఉంది, ఎవరికి అలవాటు ప్రకారం వచ్చింది, ఎవరికి అసలు లేదు అన్నది చాలామందికి చిక్కుముడే. ఒక్కొక్క పోగూ విప్పుకుంటూ వెళ్దాం.

చేసే పని వేరు, పెట్టుకునే పేరు వేరు

వైద్యం గురించి చట్టం రెండు విడివిడి ప్రశ్నలు వేస్తుంది. ఫలానా పని ఎవరు చేయవచ్చు అన్నది మొదటిది. మందు రాయడం, సూది వేయడం, కోసి కుట్టడం, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడం దీని కిందికి వస్తాయి. ఫలానా పేరు ఎవరు వాడుకోవచ్చు అన్నది రెండోది. ‘డాక్టర్’, ‘సర్జన్’, ‘స్పెషలిస్ట్’, ‘ఫిజియోథెరపిస్ట్’ వంటివి దీని కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా ఆటో నడిపితే పోలీసులు పట్టుకుంటారు గానీ, తనను డ్రైవరని చెప్పుకున్నంత మాత్రాన పట్టుకోరు కదా. వైద్యంలో మాత్రం పేరే సగం పని చేస్తుంది. బోర్డు మీద పేరు చూసే మనిషి లోపలికి వస్తాడు. అందుకే చాలా దేశాలు పనితో పాటు పేరుకూ కంచె వేశాయి.

ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఉండేది రిజిస్టర్. చదువు పూర్తయ్యాక సంబంధిత కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుంటే ఒక నంబరు ఇస్తారు. మన రాష్ట్రంలో అల్లోపతి వైద్యులకు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ ఆ పని చేస్తుంది. డిగ్రీ చదివినట్టు రుజువు కాలేజీ కాగితం. వైద్యం చేసే హక్కుకు రుజువు రిజిస్టర్లో పేరు. డిగ్రీ గోడకు వేలాడదీసి, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు పెడితే కుదరదు.

చట్టాల్లో ఉన్నదేమిటి, లేనిదేమిటి

పని విషయంలో చట్టం గట్టిగానే ఉంది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర రిజిస్టర్లో గానీ జాతీయ రిజిస్టర్లో గానీ పేరున్నవాళ్లే అల్లోపతి వైద్యం చేయాలి. ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంతకుముందు అమల్లో ఉన్న 1956 చట్టంలో జరిమానా 1,000 రూపాయలే. ఈ ఒక్క మార్పును బట్టే ప్రభుత్వాల ఆలోచన ఎటు కదిలిందో తెలుస్తుంది.

పేరు విషయానికొస్తే 1916 నాటి వైద్య డిగ్రీల చట్టం దాకా వెనక్కి వెళ్లాలి. లేని డిగ్రీ ఉన్నట్టు, పాశ్చాత్య వైద్యంలో అర్హత ఉన్నట్టు అనిపించే బిరుదు పేరుకు తగిలించుకుంటే నేరమని అది చెప్పింది. శిక్ష తొలిసారికి 250 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 500 దాకా జరిమానా. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. ఇవాళ ఒక స్పెషలిస్టు ఓపీ ఫీజు అంత ఉంటుంది.

ఇక చట్టాల్లో లేనిది. ‘డాక్టర్ అన్న మాట ఎంబీబీఎస్ చదివినవాళ్లకే సొంతం’ అని 2019 చట్టం ఎక్కడా రాయలేదు. పీహెచ్‌డీ చేసిన తెలుగు మాస్టారు ‘డాక్టర్’ అని రాసుకుంటే అది విశ్వవిద్యాలయం ఇచ్చిన హక్కు. పళ్ల వైద్యులకు 1948 నుంచి, పశు వైద్యులకు 1984 నుంచి సొంత చట్టాలు, సొంత రిజిస్టర్లు ఉన్నాయి. ఆయుర్వేదం, హోమియోపతి వైద్యులకు 2020లో కొత్త జాతీయ కమిషన్లు వచ్చాయి. వాళ్లంతా తమ తమ పద్ధతిలో డాక్టర్లే, ఇందులో వివాదమేమీ లేదు. ఆరేళ్ల ఫార్మ్ డీ కోర్సు 2008 నిబంధనలతో మొదలైంది. దాని పేరే ‘డాక్టర్ ఆఫ్ ఫార్మసీ’. ఆ చదువు మందుల గురించి లోతుగా చెబుతుంది గానీ, రోగిని చూసి జబ్బు తేల్చి స్వతంత్రంగా మందులు రాసే అధికారం ఇవ్వదు. బిరుదు ఒకటే, దాని వెనక అధికారాలు మాత్రం ఎన్నో రకాలు. చిక్కంతా ఇక్కడే.

ఒక మోకాలి నొప్పి, నాలుగు గుమ్మాలు

ఉదాహరణతో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పలాసలో జీడి ఫ్యాక్టరీలో పనిచేసే, యాభై దాటిన ఒక ఆవిడ అనుకుందాం. ఏళ్ల తరబడి కింద కూర్చుని పప్పు ఒలవడంతో మోకాళ్లు పట్టేశాయి. ఆవిడ ముందు నాలుగు గుమ్మాలున్నాయి.

మొదటిది ఊళ్లోని ఆర్ఎంపీ. ఇల్లు దగ్గర, అప్పు పెడతాడు, రాత్రి పది గంటలకు తలుపు కొట్టినా విసుక్కోడు. నొప్పి తగ్గే సూది వేసి, ఐదు రోజులకు బిళ్లలు ఇస్తాడు. మర్నాటికి ఆవిడ పనికి వెళ్తుంది. చట్టం ముందు ఆయన పేరు ఏ వైద్య రిజిస్టర్లోనూ లేదు. సూది వేయడం 34వ సెక్షన్ కిందికి వస్తుంది, ‘డా.’ అని రాసుకోవడం 1916 చట్టం కిందికి వస్తుంది. పలాస అంటే ఉద్దానం అన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు చుట్టూ ఇన్ని వేల ఇళ్లను కుదేలు చేసిన కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. అయితే అప్పటికే దెబ్బతిన్న కిడ్నీలకు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు మరింత చేటు చేస్తాయన్నది వైద్యశాస్త్రంలో తేలిన విషయం. సూది వేసే ముందు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలో ఎంతుందో అడగాలని తెలిసి ఉండటం, తెలియకపోవడం అనే తేడా ఈ ప్రాంతంలో ఒక మనిషిని డయాలసిస్ దాకా తీసుకెళ్లగలదు. పేరు గొడవ ఇంత సీరియస్‌గా పట్టించుకోవాల్సింది అందుకే.

రెండోది ఫిజియోథెరపీ సెంటర్. లోపల డిగ్రీ చదివిన మనిషి ఉంటారు. మోకాలి చుట్టూ కండరాలు గట్టిపడే వ్యాయామాలు నేర్పిస్తారు, యంత్రంతో నొప్పి తగ్గిస్తారు, కింద కూర్చునే తీరు ఎలా మార్చుకోవాలో చెబుతారు. ఫిజియోథెరపీ వంటి వృత్తుల కోసం 2021లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం ఆయన ‘ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడు’. తన పనిలో ఆయన అర్హుడే. బిళ్లలు, సూదులు ఆ పనిలో భాగం కావు. బోర్డు మీద ‘డా.’ ఉండటంతో ఆవిడ, ‘బాబూ, ఓ సూదెయ్యండి’ అని అడిగే అవకాశం మాత్రం బాగా ఉంది.

మూడోది బీఏఎంఎస్ చదివిన ఆయుర్వేద వైద్యురాలు. రిజిస్టరైన డాక్టర్, పేరుకు ముందు ‘డాక్టర్’ అని రాసుకునే హక్కుంది. తైలమో కషాయమో ఇస్తే ఏ ప్రశ్నా లేదు. అల్లోపతి సూది వేస్తే మాత్రం ప్రశ్న వస్తుంది. 1996లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. హోమియోపతి చదివిన వైద్యుడు జ్వరానికి అల్లోపతి మందులు వాడాడు, రోగి చనిపోయాడు. ఒక వైద్య పద్ధతి తెలియకుండా ఆ పద్ధతిలో వైద్యం చేసేవాడు, మరో పద్ధతిలో ఎంత చదివినవాడైనా, నకిలీ వైద్యుడే అని కోర్టు తేల్చింది. కుటుంబానికి 3 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. 1998లో మరో తీర్పు వచ్చింది. ఆయుర్వేదం వంటి భారతీయ పద్ధతులు చదివినవాళ్లు అల్లోపతి మందులు వాడవచ్చా అన్నది ఆయా రాష్ట్రాల చట్టాలు ఇచ్చే అనుమతిని బట్టి ఉంటుందని చెప్పింది. అందుకే ఒకే డిగ్రీతో ఒక రాష్ట్రంలో చేయగలిగిన పని పక్క రాష్ట్రంలో నేరం కావచ్చు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. మన రోగులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు, ఈ తేడా ఎవరికీ తెలియదు.

నాలుగోది శ్రీకాకుళంలో ఎముకల సర్జన్. ఎంబీబీఎస్, ఆపైన పీజీ. 2002 నాటి వృత్తి నీతి నిబంధనల ప్రకారం క్లినిక్‌లోనూ, చీటీ మీదా, రసీదు మీదా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ శాఖలో ప్రత్యేక అర్హత లేనిదే స్పెషలిస్టునని చెప్పుకోకూడదు. ఈ రెండో నిబంధన గురించి చర్చే జరగదు. ఎంబీబీఎస్ తర్వాత కొద్దికాలం ఏదో కోర్సు చేసి ‘షుగర్ స్పెషలిస్ట్’ అనో, ‘చర్మ వ్యాధుల నిపుణులు’ అనో రాయించుకుంటే అదీ బిరుదు తప్పుగా వాడటమే. రిజిస్టర్లో పేరున్నవాళ్లు కూడా ఈ గీత దాటగలరు.

ఇక్కడే ఇంకో మెలిక. ‘ఎంఎస్’ అన్న అక్షరాలు ఆయుర్వేదంలోనూ ఉన్నాయి. శల్య తంత్రంలో, అంటే ఆయుర్వేద శస్త్రచికిత్సలో పీజీ చేసినవాళ్లు అలా రాసుకుంటారు. 2020 నవంబరులో కేంద్రం, ఆయుర్వేద పీజీలు చేయదగిన 58 శస్త్రచికిత్సల జాబితా ప్రకటించినప్పుడు భారత వైద్య సంఘం అదే డిసెంబరు 11న దేశవ్యాప్తంగా నిరసన తెలిపింది. వాళ్ల అభ్యంతరాల్లో ముఖ్యమైనది, తన ముందున్నది ఏ రకం సర్జనో రోగికి తెలియదన్నది.

ఆర్ఎంపీ: కాగితం మీద ఒకరు, ఊళ్లో ఇంకొకరు

చట్టంలో రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అంటే రిజిస్టర్లో పేరున్న అర్హుడైన వైద్యుడు. మన ఊళ్లలో ఆర్ఎంపీ అంటే రిజిస్టర్లో లేని వైద్యుడు. మందుల చట్టాల్లోనూ, కోర్టు కాగితాల్లోనూ ఈ మాట వచ్చినప్పుడల్లా దీంతో గందరగోళమే. ‘మా ఊరి ఆర్ఎంపీ రాసిన చీటీ చెల్లుతుంది కదా’ అని అడిగేవాళ్లలో మోసం ఏమీ లేదు, ఆ మాటను వాళ్లు విన్న అర్థమే అది.

వీళ్లు ఎంతమంది ఉంటారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రచురించిన ఒక నివేదిక 2001 జనాభా లెక్కల్లో తమను అల్లోపతి డాక్టర్లమని చెప్పుకున్నవాళ్లను పరిశీలించింది. దేశం మొత్తం మీద వాళ్లలో 57 శాతానికి పైగా మందికి వైద్య విద్యార్హత లేదు. పల్లెల్లో అర్హత ఉన్నవాళ్లు 19 శాతం లోపే. లెక్క పాతదే, కానీ ఈ పేరు ఎంత విరివిగా వాడుకలో ఉందో చెప్పడానికి అది చాలు.

ఇక వాదనలు. వైద్య సంఘాలు చెప్పేది సూటిగా ఉంటుంది. స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడి జబ్బు ముదరబెట్టి పంపేది వీళ్లే, ‘డాక్టర్’ అన్న పేరే వీళ్లకు పెట్టుబడి అంటారు. అందుకే అధికారులు తనిఖీలకు వెళ్లినప్పుడు ‘డాక్టర్’, ‘క్లినిక్’, ‘హాస్పిటల్’ మాటలు చెరిపించి ‘ప్రథమ చికిత్స కేంద్రం’ అని మాత్రమే రాయిస్తుంటారు. ఆర్ఎంపీల వైపు మాటకూ బరువుంది. సీతంపేట కొండల మీద, కురుపాం ఏజెన్సీలో అర్ధరాత్రి జ్వరంతో వణికే పిల్లాడికి ముందు చేరేది ఎవరు? డోలీ కట్టి రోడ్డు దాకా మోసే ఊళ్లలో, ఇంటి దగ్గరే ఉన్న మనిషిని చట్టం పుస్తకం చూపించి తీసేస్తే ఆ జాగాలోకి వచ్చేది ఎంబీబీఎస్ కాదు కదా అన్నది వాళ్ల ప్రశ్న.

మధ్యే మార్గాలు లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వ కాలంలో వీళ్లకు శిక్షణ ఇచ్చి ‘కమ్యూనిటీ పారామెడిక్’ అన్న కొత్త పేరు ఇవ్వాలన్న ప్రయత్నం మొదలైంది. ‘డాక్టర్’ పేరు వదులుకుంటే, చేయగలిగిన కాస్త పనికి గుర్తింపు దొరుకుతుందన్నది అందులోని ఒప్పందం. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్‌లో 304 మంది ఇలాంటి వైద్యులతో ఒక శాస్త్రీయ పరీక్ష జరిగింది. కొందరికి తొమ్మిది నెలల శిక్షణ ఇచ్చి, తర్వాత రోగుల్లా నటించేవాళ్లను అందరి దగ్గరికీ పంపారు. 2016లో సైన్స్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. శిక్షణ పొందినవాళ్లు రోగిని సరిగా చూడటం మెరుగైంది. అనవసరపు మందులు, యాంటీబయాటిక్స్ ఇవ్వడం మాత్రం తగ్గలేదు. రెండు వైపుల వాళ్లూ ఈ ఫలితాన్నే చూపించి తామే గెలిచామంటారు. నాకైతే ఇందులో కనిపించేది ఒకటే: చదువు చెబితే చెయ్యి మెరుగవుతుంది, కానీ మందు అమ్మితేనే బతుకు గడిచే ఏర్పాటును శిక్షణ మార్చలేదు. పేరు మార్చినా మార్చలేదు.

ఇంకో తేడా కూడా చూడాలి. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పనిచేసే బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయిని ఊళ్లో ముసలివాళ్లు ‘డాక్టరమ్మా’ అంటారు. ఆమె ఏ తప్పూ చేయలేదు. జనం పిలవడం వేరు, తాను రాసుకోవడం వేరు. చట్టం పట్టించుకునేది తెలిసి తెలిసి వాడుకోవడాన్నే.

ఫిజియోథెరపిస్టుల వాదన, దానికి ఎదురు వాదన

2021 దాకా ఫిజియోథెరపిస్టులకు కేంద్ర చట్టమే లేదు. ఆ ఏడాది వచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల చట్టం ల్యాబ్ టెక్నీషియన్లు, కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టులు, డైటీషియన్లు సహా యాభైకి పైగా వృత్తులను పది వర్గాలుగా చేసి కౌన్సిళ్ల కిందికి తెచ్చింది. డాక్టరు చెబితే సాయం చేసేవాళ్లను ఒక రకంగా, కనీసం 3,600 గంటల డిగ్రీ చదివి స్వయంగా చికిత్స అందించగలిగేవాళ్లను మరో రకంగా విడదీసింది. ఫిజియోథెరపిస్టులు రెండో రకంలో పడ్డారు. ఆ చట్టం కింద ఏర్పడిన జాతీయ కమిషన్ 2025లో తెచ్చిన కొత్త పాఠ్య ప్రణాళిక, పేరుకు ముందు ‘డాక్టర్’, వెనక ఫిజియోథెరపీకి గుర్తుగా ‘పీటీ’ అని పెట్టుకోవచ్చంది. సెప్టెంబరు ఉత్తరం కాదన్నది దీన్నే. అంటే ఒకే మంత్రిత్వ శాఖ కింద ఉన్న రెండు సంస్థలు రెండు మాటలు చెప్పాయి.

ఫిజియోథెరపిస్టులు అనేది, ఏళ్ల తరబడి శరీర నిర్మాణం చదివి, పక్షవాతం వచ్చినవాళ్లను లేపి నడిపించే తమకు గౌరవంగా ఒక పేరు ఉంటే తప్పేమిటని. పళ్ల డాక్టరుకు, పశువుల డాక్టరుకు లేని అభ్యంతరం తమకే ఎందుకని. ఎదురు వాదన ముఖ్యంగా పునరావాస వైద్యంలో ఎండీ చేసిన డాక్టర్ల నుంచి వచ్చింది. నడుము నొప్పి వెనక క్షయ ఉండొచ్చు, గడ్డ ఉండొచ్చు, ‘డాక్టర్’ బోర్డు చూసి వచ్చిన రోగి అదే ఆఖరి మాట అనుకుంటే అసలు జబ్బు దాగిపోతుందంటారు వాళ్లు.

రెండు భయాలూ నిజమైనవే. నా ఉద్దేశంలో మాత్రం చదివి, కౌన్సిల్ కిందికి వచ్చిన ఫిజియోథెరపిస్టు బోర్డు మీద ఇంత చర్చ జరిగి, ఏ చదువూ లేకుండా సెలైన్లు ఎక్కించే చోట్ల గురించి తనిఖీల సీజన్లో తప్ప మాట రాకపోవడం సరికాదు. ప్రమాదం ఎక్కువున్నది రెండో చోటే.

బయటి దేశాలు ఏం చేశాయి

బ్రిటన్‌లో ‘డాక్టర్’ అన్న మాటకు రక్షణ లేదు, అక్కడి సర్జన్లు ‘మిస్టర్’ అనే పిలిపించుకుంటారు. కానీ ‘ఫిజియోథెరపిస్ట్’ అన్న పేరు రిజిస్టరైనవాళ్లే వాడాలి. ఆస్ట్రేలియా 2023లో ‘సర్జన్’ అన్న పేరుకు కంచె కట్టింది. అందానికి చేసే ఆపరేషన్లలో, సర్జరీలో శిక్షణ లేని వైద్యులు ఆ పేరు వాడుకోవడం అక్కడ సమస్య అయింది. అమెరికాలో కాలిఫోర్నియా చట్టం రోగుల ముందు ‘డాక్టర్’ మాటను కట్టడి చేస్తే, డాక్టరేట్ చేసిన నర్సులు కోర్టుకెక్కారు. ఏ దేశమైనా ఒక్క మాటకే కంచె కట్టి ఊరుకోలేదు, ఏ పేరు వల్ల రోగి దెబ్బతింటున్నాడో చూసి దానికి కట్టింది.

పేరు వెనక అక్షరాలు చదివేదెవరు

మన దేశంలోనూ అలాంటి ఆలోచన ఒకటి వచ్చింది. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ ప్రకటించిన కొత్త నిబంధనల్లో, తన కింద రిజిస్టరైనవాళ్లే ‘మెడ్. డా.’ అని రాసుకోవాలని ఉంది. ‘డాక్టర్’ అందరికీ వదిలేసి, అల్లోపతి వైద్యులకు వేరే గుర్తు ఇవ్వడం దాని ఉద్దేశం. మందులను జనరిక్ పేరుతోనే రాయాలని అందులోనే ఉన్న మరో నిబంధన మీద గొడవ రేగడంతో ఆ నిబంధనలన్నిటినీ మూడు వారాల్లోనే, ఆగస్టు 23న, పక్కన పెట్టారు. మళ్లీ 2002 నిబంధనలే అమల్లోకి వచ్చాయి.

‘మెడ్. డా.’ అన్నా, ‘పీటీ’ అన్నా ఇబ్బంది ఒకటే. ఇవన్నీ ఇంగ్లీషు పొట్టి అక్షరాలు. పలాస జీడి ఫ్యాక్టరీ ఆవిడకు బోర్డు మీద చదవగలిగేది తెలుగులో పెద్దగా రాసిన పేరు, దాని ముందున్న ‘డా.’ మాత్రమే. ఫిజియోథెరపీ, ఆయుర్వేదం, ఎముకల ఆపరేషన్లు అని అదే సైజులో తెలుగులో రాసి ఉంటే ముందున్న ‘డా.’ వల్ల వచ్చే పొరపాటు చాలావరకు తగ్గుతుంది. ఇది చిన్న విషయంలా కనిపించినా, మార్పు వల్ల లాభపడాల్సినవాళ్లకు అందే మార్పు ఇదే.

రిజిస్టర్ల సంగతి ఇంకా మిగిలే ఉంది. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్లో అల్లోపతి డాక్టరు పేరో నంబరో కొట్టి చూసుకోవచ్చు. ఫిజియోథెరపిస్టులకు అలాంటి ఏర్పాటు రావాలంటే 2021 చట్టం ప్రకారం రాష్ట్ర కౌన్సిళ్లు ఏర్పడి, పేర్లు ఎక్కించాలి. ఆ పని ఎంత నత్తనడక నడిచిందంటే, రెండు నెలల్లో చట్టాన్ని అమలు చేయండని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. ‘డాక్టర్’ పక్కన ‘పీటీ’ నిజంగా ఒక ఫిజియోథెరపిస్టుదా, ఆర్నెల్లు ఎక్కడో సహాయకుడిగా పనిచేసి సొంతంగా సెంటర్ తెరిచినవాడిదా అన్నది ఆ రిజిస్టర్ నిండితేనే తేల్చగలిగేది.